ఐక్యూ టెస్ట్ అసలు కథ: చదువులో వెనకబడ్డ పిల్లల కోసం పుట్టిన పరీక్ష.. వాళ్లకే శాపంగా ఎలా మారింది?

ఫోన్‌లో ఓ ఇరవై ప్రశ్నలకు జవాబులు నొక్కితే చాలు.. మీ ఐక్యూ ఇంత అంటూ ఓ నంబర్ వచ్చేస్తుంది. 130 దాటితే స్టేటస్ పెట్టుకునేవాళ్లు ఉన్నారు, 90 వస్తే చిన్నబోయేవాళ్లూ ఉన్నారు. పెద్దవాళ్లకు ఇదో సరదా. కానీ చదువులో వెనకబడ్డ పిల్లాడి విషయంలో ఆ నంబర్ సరదా కాదు. వాడు ఏ క్లాసులో కూర్చోవాలి, ఎంతవరకు చదవగలడు అన్నది కూడా దాన్ని చూసే తేల్చేస్తుంటారు.

ఈ నంబర్‌కు మూలమైన పరీక్షను తయారు చేసింది ఫ్రాన్స్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బినే. విచిత్రం ఏంటంటే, పిల్లల తెలివి పుట్టుకతోనే ఖాయమైపోతుందని, ఇక పెరగదని చెప్పేవాళ్లను గట్టిగా వ్యతిరేకించింది కూడా ఆయనే. బడి గెంటేయబోతున్న పిల్లల కోసం ఆయన చేసిన పరీక్ష, ఆయన పోయాక వేరే దారి పట్టింది. ఆ కథేంటో చూద్దాం.

లా చదివి.. లైబ్రరీలో సైకాలజీ

బినే 1857 జులై 8న నీస్‌లో పుట్టారు. ఇప్పుడు అది ఫ్రాన్స్‌లో ఉంది కానీ, అప్పట్లో సార్డీనియా రాజ్యంలో భాగం. తండ్రి డాక్టర్, తల్లి చిత్రకారిణి. తల్లిదండ్రులు విడిపోవడంతో తల్లి దగ్గరే పెరిగారు. చదువు కోసం ఆమె కొడుకును ప్యారిస్ తీసుకెళ్లారు.

1878లో లా డిగ్రీ వచ్చింది కానీ ఆ వృత్తి నచ్చలేదు. మెడిసిన్ మొదలుపెట్టి, అదీ మధ్యలోనే వదిలేశారు. ఆ తర్వాత ప్యారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో కూర్చుని సైకాలజీ పుస్తకాలు చదవడం మొదలుపెట్టారు. క్లాసు లేదు, గురువు లేడు. మనిషి ఎలా నేర్చుకుంటాడు అనే విషయంపై ప్రపంచం గుర్తుంచుకునే పని చేసిన వ్యక్తి, ఆ సబ్జెక్టును సొంతంగానే నేర్చుకున్నారు.

అయస్కాంతం ముంచింది

1883లో ప్యారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆస్పత్రిలో చేరారు. అక్కడ డాక్టర్ షార్కో అంటే యూరప్ మొత్తానికీ పెద్ద పేరు. హిప్నాటిజం ప్రయోగాలకు ఆ ఆస్పత్రి అడ్డా. అక్కడే బినే, సహచరుడు ఫెరే కలిసి ఓ సంచలన ప్రకటన చేశారు. హిప్నాటిజంలో ఉన్న రోగి దగ్గర అయస్కాంతం అటూ ఇటూ జరిపితే, శరీరంలో ఒక పక్క కనిపించే లక్షణం ఇంకో పక్కకు మారిపోతోందని చెప్పారు.

బెల్జియం శాస్త్రవేత్త డెల్‌బఫ్ దీన్ని పరిశీలించి అసలు గుట్టు బయటపెట్టారు. అయస్కాంతంలో ఏ శక్తీ లేదు. ప్రయోగం చేసేవాళ్లు ఏం ఆశిస్తున్నారో రోగులకు ముందే తెలిసిపోతోంది, దానికి తగ్గట్టే వాళ్లు ప్రవర్తిస్తున్నారు.. అంతే. బినే మొదట్లో గట్టిగా వాదించారు. చివరికి తప్పు ఒప్పుకోక తప్పలేదు. శాస్త్రవేత్తల్లో పరువు పోయింది.

కానీ ఆ దెబ్బ ఆయనకు ఒక విషయం నేర్పింది. పరీక్షించే మనిషి మనసులో ఏముందో అదే ఫలితంలో కనిపించే ప్రమాదం ఉంది. మిగతా జీవితమంతా ఆయన ఈ జాగ్రత్తతోనే పని చేశారు.

ఒకే ఇల్లు, ఇద్దరు కూతుళ్లు

ఆస్పత్రి వదిలేశాక బినేకు ఇల్లే లేబొరేటరీ అయింది. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు.. మాడ్లీన్, ఆలిస్. వాళ్ల ఆటలు, మాటలు, వస్తువులను గుర్తుపట్టే తీరు అన్నీ రాసుకునేవారు. ఒకే ఇంట్లో, ఒకే తల్లిదండ్రుల దగ్గర పెరుగుతున్నా ఇద్దరిదీ ఒకే తీరు కాదు. ఒక అమ్మాయి నిలకడగా ఆలోచించి అడుగేస్తే, ఇంకో అమ్మాయి ఊహల్లో తేలిపోయేది. ఇద్దరూ తెలివైనవాళ్లే, కానీ ఆ తెలివి పని చేసే తీరు వేరు. 1903లో వచ్చిన ఆయన పుస్తకానికి ఈ పిల్లలే ఆధారం. అందులో వాళ్ల పేర్లు మాత్రం మార్చారు.

ఈలోగా 1891లో సోర్బాన్ యూనివర్సిటీలోని సైకాలజీ లేబొరేటరీలో జీతం లేకుండానే చేరారు. కొన్నేళ్లకే దానికి డైరెక్టర్ అయ్యారు. 1895లో ఫ్రాన్స్‌లో సైకాలజీకి ప్రత్యేకంగా ఓ వార్షిక పత్రిక మొదలుపెట్టారు. అది ఇప్పటికీ వస్తోంది. ఇంత చేసినా ప్యారిస్‌లో ప్రొఫెసర్ పదవి మాత్రం ఆయనకు ఎప్పుడూ దక్కలేదు.

తల పెద్దదైతే తెలివి ఎక్కువా?

ఆ రోజుల్లో తల పెద్దగా ఉంటే తెలివి ఎక్కువ అని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే నమ్మేవారు. బినే కూడా మొదట్లో నమ్మారు. స్కూళ్లకు వెళ్లి టీచర్లు తెలివైనవాళ్లు అని చెప్పిన పిల్లల తలలు, మొద్దులు అని చెప్పిన పిల్లల తలలు కొలిచారు. తేడా మిల్లీమీటర్లలో తప్ప లేదు. పైగా ఎవరు తెలివైనవారో, ఎవరు కాదో ముందే తెలిస్తే, కొలిచే చెయ్యి తెలియకుండానే అటువైపు మొగ్గుతుందని ఆయనకు అనుమానం వచ్చింది. అయస్కాంతం దెబ్బ గుర్తుంది కదా! తలల కొలతలను పక్కన పెట్టేశారు.

మంత్రి వేసిన కమిటీ

ఫ్రాన్స్‌లో 1882 చట్టంతో 6 నుంచి 13 ఏళ్ల పిల్లలందరికీ చదువు తప్పనిసరి అయింది. అంతవరకు బడి గడప తొక్కని పిల్లలు కూడా క్లాసుల్లోకి వచ్చారు. కొందరు ఎంత చెప్పినా అందుకోలేకపోతున్నారు. మరి వాళ్లను ఏం చేయాలి? 1904లో విద్యాశాఖ మంత్రి ఓ కమిషన్ వేశారు. అందులో బినే ఒక సభ్యుడు. అలాంటి పిల్లలకు ప్రత్యేక తరగతులు పెట్టాలన్నది ఆలోచన. కానీ ఎవరిని పంపాలో తేల్చేదెలా?

ఇక్కడే బినేకు అసలు ప్రమాదం కనిపించింది. టీచర్‌కే వదిలేస్తే, అల్లరి చేసే పిల్లాడిని వదిలించుకోవడానికి మొద్దు అని రాసి పంపేయొచ్చు. డాక్టర్లకు వదిలేసినా అంతే. ఒకే పిల్లాడికి ఒక డాక్టర్ ఒక పేరు పెడితే, ఇంకో డాక్టర్ ఇంకో పేరు పెడుతున్నారు. ఇలా ఎవరి నోటికొచ్చిన ముద్ర వాళ్లు వేస్తే, పిల్లాడి బతుకు ఆ ముద్ర దగ్గరే ఆగిపోతుంది. అందుకే అందరికీ ఒకేలా వర్తించే కొలత కావాలి అనుకున్నారు.

అగ్గిపుల్ల నుంచి మొదలు

యువ డాక్టర్ థియోడోర్ సిమోన్‌తో కలిసి 1905లో మొదటి పరీక్ష సిద్ధం చేశారు. మొత్తం 30 అంశాలు, తేలిక నుంచి కష్టం వైపు. వెలుగుతున్న అగ్గిపుల్లను కదిలిస్తే కళ్లు దాని వెంట వెళ్తున్నాయా? బొమ్మలో వస్తువుల పేర్లు చెప్పగలుగుతున్నారా? మూడు అంకెలు విని తిరిగి చెప్పగలరా? ఈగకు, సీతాకోకచిలుకకు తేడా ఏంటి? మూడు పదాలు ఇస్తే ఒక వాక్యం చేయగలరా? ఇలా సాగుతుంది. బట్టీ పట్టిన పాఠం ఒప్పజెప్పమనే పరీక్ష కాదిది. బడిలో నేర్చుకున్నదాన్ని వీలైనంత పక్కన పెట్టి, పిల్లాడు ఎలా ఆలోచిస్తున్నాడో చూడాలన్నదే ప్రయత్నం.

1908లో దీన్ని మార్చి, 3 ఏళ్ల నుంచి 13 ఏళ్ల వరకు ఏ వయసు పిల్లలు ఏవి చేయగలరో విడగొట్టారు. ఎనిమిదేళ్ల పిల్లాడు ఆరేళ్ల పిల్లలు చేసేవే చేయగలిగితే, అతని మానసిక స్థాయి ఆరేళ్లు. అంటే అతనికి సాయం కావాలని గుర్తు. బినే దృష్టిలో ఆ స్కోర్ అర్థం అంతవరకే. అది ఎత్తు, బరువు లాంటి కొలత కాదని, ఆ రోజుకు పిల్లాడు ఎక్కడున్నాడో చెప్పే అంచనా మాత్రమేనని ఆయన స్పష్టంగా రాశారు.

ముందు కళ్లు చూడండి

ప్యారిస్‌లో గ్రాంజ్-ఓ-బెల్ వీధిలోని ఓ స్కూల్‌లో 1905లో బినే ఓ ప్రయోగశాల తెరిచారు. పిల్లాడికి చదువు రావడం లేదంటే మొదట అడగాల్సిన ప్రశ్న తెలివి గురించి కాదని అక్కడి పని చెబుతుంది. అసలు వాడికి నల్లబల్ల కనిపిస్తోందా? డాక్టర్ కోసం చూడకుండా టీచర్లే క్లాసులో చూపు పరీక్ష చేసేలా అక్షరాల చార్టు తయారు చేశారు. చూపు తక్కువై వెనకబడ్డ పిల్లాడిని మొద్దు అనకుండా కాపాడే చిన్న ఉపాయమిది.

అవకాశాల తేడా కూడా ఆయన దృష్టి దాటిపోలేదు. బెల్జియంలో డెక్రోలీ, డెగాండ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే పరీక్షను బ్రస్సెల్స్‌లోని ఓ ప్రైవేట్ స్కూల్ పిల్లలకు పెట్టారు. బాగా డబ్బున్న ఇళ్ల పిల్లలు. వాళ్లు తమ వయసుకు మించిన స్కోర్లు తెచ్చుకున్నారు. బినే పరీక్షించింది ఎక్కువగా ప్యారిస్ పేదపేటల పిల్లలను. అంటే పుట్టి పెరిగిన ఇంటి పరిస్థితి కూడా స్కోర్‌లో కలుస్తోంది అన్నమాట. ఈ విషయాన్ని బినే దాచిపెట్టలేదు, చర్చించారు.

1909లో ప్రత్యేక తరగతులకు ఫ్రాన్స్ చట్టం చేసింది. అదే ఏడాది వచ్చిన పుస్తకంలో బినే, తెలివి పెరగదనే నిరాశావాదాన్ని తీవ్రంగా తప్పుపట్టారు. కండలకు కసరత్తు ఉన్నట్టే మనసుకూ ఉంటుందన్నది ఆయన మాట. ఆ క్లాసుల్లో చేయించిన ఓ ఆట చాలా సింపుల్.. టీచర్ చెప్పగానే పిల్లలు బొమ్మల్లా కదలకుండా నిలబడాలి. మొదటి రోజు గోల గోల. రోజూ చేయించే కొద్దీ నిలకడ వచ్చేది. పాఠం కంటే ముందు శ్రద్ధ పెట్టడం నేర్పాలన్నది ఆయన పద్ధతి.

1911లో పరీక్షను ఇంకోసారి సవరించారు. అదే ఏడాది అక్టోబర్ 18న, 54 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

సముద్రం దాటాక మారిన కథ

ఐక్యూ అనే మాట బినేది కాదు. ఆయన చనిపోయిన మరుసటి ఏడాది జర్మనీకి చెందిన స్టెర్న్, మానసిక వయసును అసలు వయసుతో భాగించమన్నారు. 1916లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన టెర్మన్ దాన్ని 100తో హెచ్చించి ఐక్యూ అని చలామణిలోకి తెచ్చారు. అలా సాయం కోసం చేసిన అంచనా కాస్తా మనిషికి అంటించే నంబర్ అయింది.

అంతకుముందే గొడార్డ్ అనే సైకాలజిస్ట్ ఈ పరీక్షను అమెరికా తీసుకెళ్లారు. ఆయన నమ్మకం బినేకు పూర్తి వ్యతిరేకం. తెలివి వారసత్వంగా వస్తుంది, మారదు అని ఆయన వాదన. 1913లో న్యూయార్క్ దగ్గరి ఎలిస్ ఐలాండ్‌లో, ఓడ దిగిన వలసదారులకు ఈ పరీక్ష పెట్టించారు. ఇంగ్లిష్ రాని, రోజుల తరబడి ప్రయాణించి అలసిపోయిన మనుషులు వాళ్లు. అందులో ఎక్కువ మందిని మందబుద్ధులుగా లెక్క తేల్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 17 లక్షల మంది సైనికులకు ఇలాంటి పరీక్షలే పెట్టారు.

ఇంతకంటే ఘోరం 1927లో జరిగింది. వర్జీనియాకు చెందిన కేరీ బక్ అనే యువతికి మందబుద్ధి అని ముద్ర వేశారు. దానికి చూపించిన ఆధారాల్లో బినే పరీక్ష స్కోర్ కూడా ఉంది. ఆమెకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయొచ్చని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఏడు నెలల పసికందుగా ఉన్నప్పుడే ఆమె కూతురు వివియన్‌ను కూడా మామూలుగా లేదన్నారు. అదే వివియన్ తర్వాత బడిలో చేరి, మంచి మార్కులతో మెరిట్ జాబితాలో చోటు సంపాదించింది. ఎనిమిదేళ్ల వయసులో జబ్బు చేసి చనిపోయింది. ఇలాంటి చట్టాల కింద అమెరికాలో 60 వేల మందికి పైగా ఆపరేషన్లు జరిగాయి.

బినేతో కలిసి పరీక్ష తయారు చేసిన సిమోన్ 1961 వరకు బతికారు. ఐక్యూ అంటే తమ ఆశయానికి జరిగిన ద్రోహమే అన్నది ఆయన అభిప్రాయం.

మన దగ్గరా బినే పరీక్షే

ఇది ఎక్కడో జరిగిన పాత కథ అనుకోవద్దు. బ్రిటిష్ కాలంలోనే లాహోర్‌లో సి.హెచ్. రైస్ దీన్ని హిందుస్థానీలోకి మార్చారు. ఆ తర్వాత వి.వి. కామత్ మరాఠీ, కన్నడ పిల్లలకు తగ్గట్టు మలిచారు. బినే-కామత్ టెస్ట్ పేరుతో అది ఇప్పటికీ మన దేశంలో వాడుకలో ఉంది. చదువులో బాగా వెనకబడ్డ పిల్లలను సైకాలజిస్ట్ దగ్గరకు తీసుకెళ్లిన తల్లిదండ్రుల్లో చాలామంది ఈ పేరు వినే ఉంటారు. మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ కూడా మన సికింద్రాబాద్‌లోనే ఉంది. సర్టిఫికెట్, శిక్షణ లాంటి సాయం అందాలంటే ఏదో ఒక కొలత కావాల్సిందే. బినే కోరుకున్న వాడకం ఇదే.

తేడా అంతా ఆ కాగితం చేతికొచ్చాక ఏం చేస్తామన్న దాంట్లో ఉంది. ఆ నంబర్ చూసి ఈ పిల్లాడికి ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి అని అడిగితే అది బినే పరీక్ష. వీడికింక చదువు ఎందుకులే అనేస్తే మాత్రం, 1904లో ఆయన ఏ తీరు నుంచి పిల్లలను కాపాడాలనుకున్నారో మళ్లీ అక్కడికే వచ్చినట్టు.