జపాన్‌లో అడుగుపెట్టని ‘సముద్ర మాత’

జపాన్‌లోని కుమమొతో ప్రాంతంలో ఉతో అనే ఊరుంది. ఏటా ఏప్రిల్ 14న నాచు సాగుచేసే రైతులు అక్కడి ఓ స్మారక శిల దగ్గర చేరి, ఒక ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్తకు నివాళి అర్పిస్తారు. ఆమె పేరు కాథ్లీన్ మేరీ డ్రూ బేకర్. అక్కడివాళ్లకు ఆమె ‘సముద్ర మాత’. కానీ ఆమె జపాన్‌కు ఒక్కసారి కూడా వెళ్లలేదు.

డ్రూ 1901 నవంబర్ 6న లాంకషైర్‌లోని లీ పట్టణంలో పుట్టారు. 1922లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి ప్రథమ శ్రేణిలో వృక్షశాస్త్ర పట్టా అందుకుని, అక్కడే అధ్యాపకురాలయ్యారు. ఫెలోషిప్ మీద కాలిఫోర్నియా వెళ్లి రెండేళ్లు పరిశోధన చేశారు. 1928లో, మాంచెస్టర్‌లోనే పనిచేస్తున్న హెన్రీ రైట్ బేకర్‌ను పెళ్లాడారు. పెళ్లయిన స్త్రీలకు కొలువు ఇవ్వకూడదన్నది అప్పట్లో ఆ విశ్వవిద్యాలయ పద్ధతి. భర్త ఉద్యోగం నిలిచింది, ఆమెది పోయింది. ఆ తర్వాత జీతం లేని పరిశోధకురాలిగా అదే ప్రయోగశాలలో పని కొనసాగించారు. ఇద్దరు పిల్లల్ని పెంచుతూనే ఎర్ర శైవలాలపై వరుసగా పరిశోధనా పత్రాలు ప్రచురించారు.

ఆమె దృష్టి పోర్ఫైరా అనే సముద్రపు నాచు మీద పడింది. వేల్స్‌లో దీన్ని మెత్తగా ఉడికించి తింటారు. జపాన్‌లో దీని జాతులనే ఎండబెట్టి ‘నోరి’ రేకులు చేస్తారు. దీనికి వేరు, కాండం, ఆకు అన్న విభజన ఉండదు. ఒకటి రెండు వరుసల కణాల మందంలో ఉండే పలుచని పొర, రాతిని అంటిపెట్టుకునే చిన్న పట్టు, అంతే. విశాఖపట్నం రాళ్లపైనా పోర్ఫైరా కొంతకాలమే కనిపిస్తుంది. అది మళ్లీ మళ్లీ వస్తున్న తీరుపై ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు 1963లో ఒక పత్రం ప్రచురించారు.

జపాన్‌లో చలికాలమంతా పెరిగే నోరి వేసవికి మాయమయ్యేది. మధ్యలో ఎక్కడ ఉంటుందో ఎవరికీ తెలియదు. రైతులు సముద్రంలో కర్రలు పాతి, వలలు కట్టి, విత్తనం వాటంతటది వచ్చి అంటుకోవాలని ఎదురుచూసేవారు. అంటుకుంటే పంట, లేకపోతే అప్పు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దిగుబడులు బాగా పడిపోయాయి.

జవాబు మాంచెస్టర్‌లో దొరికింది. పోర్ఫైరా సిద్ధబీజాలను ప్రయోగశాలలో పెంచుతున్న డ్రూ, అవి గుల్లల్లోకి తొలుచుకుపోయి సన్నని గులాబీ రంగు పోగులుగా పెరగడం గమనించారు. అలాంటి పోగులు శాస్త్రానికి కొత్త కాదు. 1892 నుంచీ వాటిని కాంకోసెలిస్ అనే వేరే జాతిగా లెక్కగట్టేవారు. రూపంలో పోలికే లేని ఈ రెండూ ఒకే జీవి జీవితంలోని రెండు దశలని ఆమె తేల్చారు. 1949లో ‘నేచర్’ పత్రికలో ఆ సంగతి చిన్న వ్యాసంగా వచ్చింది.

క్యూషు విశ్వవిద్యాలయానికి చెందిన సొకిచి సెగావా దీన్ని జపాన్ జాతుల్లో పరీక్షించి, అక్కడా నిజమేనని చూశారు. ఇక దారి దొరికింది. ఆల్చిప్పల్లో పోగులు పెంచాలి, నీళ్లు చల్లబడే వేళకు వాటి నుంచి వెలువడే సిద్ధబీజాలను వలలకు పట్టించాలి, ఆ వలలను సముద్రంలో కట్టాలి. అదృష్టం మీద నడిచిన సాగు విత్తి కోసే వ్యవసాయంగా మారింది. ఇప్పుడు జపాన్, కొరియా, చైనాల్లో ఈ సాగుకు ఆధారం అదే.

డ్రూ 1952లో ఏర్పడిన బ్రిటిష్ శైవలశాస్త్ర సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు. 1957 సెప్టెంబర్ 14న, 55 ఏళ్ల వయసులో మరణించారు. తన పరిశోధన మీద ఆమె పేటెంటు తీసుకోలేదు, సొమ్మూ చేసుకోలేదు. 1963లో ఉతోలో లేచిన స్మారకాన్ని నాచు రైతులు చందాలు వేసుకుని కట్టించారు. విశ్వవిద్యాలయం జీతం ఇవ్వని పనికి ఆ రైతులు తమ చేతనైనంతలో బాకీ తీర్చారు.