పిల్లల బ్లడ్ క్యాన్సర్‌ని మొదటిసారి తగ్గించిన మందు వెనక మన తెలుగోడు.. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం ఇదీ!

నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా కోస్తా తీరంలో బోదకాలు అంటే తెలియని ఊరు లేదు. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి డీఈసీ మాత్రలు మింగించడం చాలామంది చూసే ఉంటారు. ఆ మాత్ర పుట్టిన ల్యాబ్‌లోనే పిల్లల బ్లడ్ క్యాన్సర్‌ని మొదటిసారి వెనక్కి తగ్గించిన మందు కూడా తయారైంది. ఆ ల్యాబ్‌లో రీసెర్చ్ టీమ్‌ని నడిపించింది ఓ తెలుగు డాక్టర్. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

పరీక్ష తప్పిన కుర్రాడు

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు సుబ్బారావు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ కటకటే. చదువు మీద కన్నా సంపాదన మీదే ధ్యాస. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకి అరటిపళ్లు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోయారు. తల్లి వెనక్కి తీసుకొచ్చి మళ్లీ బడికి పంపింది. మెట్రిక్ పాసవడానికి మూడుసార్లు రాయాల్సి వచ్చింది.

తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. గాంధీజీ పిలుపుతో ఖద్దరు సర్జికల్ కోటు వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లారు. తెల్ల ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. దాంతో రావాల్సిన ఎంబీబీఎస్ పోయి, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. మద్రాసులోనే ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ కొన్నాళ్లు గడిపారు.

అన్నదమ్ముల్ని మింగిన జబ్బు

ఆ రోజుల్లోనే ఇంట్లో పిడుగు పడింది. తిన్నది ఒంటబట్టనీయకుండా, రక్తం తగ్గించి మనిషిని పీల్చి పిప్పి చేసే స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో చనిపోయారు. ఆయనకీ అదే జబ్బు చేసింది కానీ బతికి బయటపడ్డారు. ఈ జబ్బుకి మందు ఎందుకు లేదు? ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు.

మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయంతో 1923 అక్టోబర్‌లో బోస్టన్ చేరుకున్నారు. భార్య శేషగిరిని ఇక్కడే వదిలి వెళ్లారు. అక్కడ హార్వర్డ్‌లో పగలు చదువు, రాత్రిళ్లు ఆస్పత్రిలో పోర్టర్ పని. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి ఖర్చులు గట్టెక్కించారు.

హార్వర్డ్‌లో దక్కని చోటు

సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925 నాటి ఆ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి తర్వాత దశాబ్దాల పాటు బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో వాడుకలో ఉంది. కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ని, కణానికి శక్తినిచ్చే ఏటీపీని కూడా ఈ జోడీ గుర్తించింది. ఇప్పుడు ఇంటర్ బయాలజీ పుస్తకం తెరిస్తే ఏటీపీ పేరు కనిపిస్తుంది. కనిపెట్టినవాళ్ల పేరు మాత్రం చాలామందికి తెలీదు.

1930లో పీహెచ్‌డీ వచ్చినా హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్టు మాత్రం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరి, అక్కడ రీసెర్చ్ డైరెక్టర్ అయ్యారు.

క్యాన్సర్ కణానికి టోకరా

1945లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారు చేసింది. స్ప్రూకి అసలైన మందు అదే. అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న పాతికేళ్ల తర్వాత జవాబు దొరికింది.

కథ అక్కడితో ఆగలేదు. ఒంట్లో కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. బ్లడ్ క్యాన్సర్‌లో తెల్లకణాలు అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతాయి కాబట్టి వాటికి ఇంకా ఎక్కువ కావాలి. మరి ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపించే నకిలీ పదార్థం ఇస్తే? కణం అసలుదనుకుని పట్టుకుంటుంది, కానీ పెరగలేదు. నకిలీ తాళంచెవి పెడితే తాళం ఇరుక్కుపోయినట్టన్నమాట.

అలా తయారైందే అమినోప్టెరిన్. బోస్టన్ పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని అక్యూట్ లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకి ఇచ్చి చూశారు. 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. అది తాత్కాలికమే. కానీ అప్పటిదాకా ఆ జబ్బు వస్తే రోజులు లెక్కపెట్టుకోవడం తప్ప డాక్టర్ల చేతిలో ఏమీ లేదు. మందుతో పిల్లల బ్లడ్ క్యాన్సర్‌ని వెనక్కి నెట్టొచ్చని మొదటిసారి రుజువైంది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు ప్రపంచానికి తెలిశాయి.

దాని తమ్ముడి లాంటి మందే మెథోట్రెక్సేట్. ఇవాళ్టికీ పిల్లల లుకేమియా చికిత్సలో అది ముఖ్యమైన మందు. కీళ్లవాతానికీ వాడుతున్నారు. బోదకాలు పురుగులపై పనిచేసే డీఈసీ, టెట్రాసైక్లిన్ జాతిలో తొలి యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ కూడా ఆయన టీమ్‌ల నుంచే వచ్చాయి.

ఇంటికి తిరిగి రాలేదు

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో చనిపోయారు. వయసు 53. ఫార్బర్ ఫలితాలు అచ్చయి అప్పటికి రెండు నెలలే. పాతికేళ్లు అమెరికాలో ఉన్నా ఆ దేశ పౌరసత్వం తీసుకోలేదు. అలాగని సొంతూరికీ తిరిగి రాలేకపోయారు. భర్త కోసం ఎదురుచూసిన శేషగిరికి ఆయన మళ్లీ కనిపించలేదు.

నోబెల్ రాలేదు. పేరు కోసం ఆయన ఎగబడిందీ లేదు. శతజయంతి ఏడాది 1995లో భారత ప్రభుత్వం ఆయన పేరుతో పోస్టల్ స్టాంపు విడుదల చేసింది. మెథోట్రెక్సేట్, డీఈసీ రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. ఈసారి బోదకాలు మాత్ర ఇవ్వడానికి ఎవరైనా మీ గుమ్మం ముందుకొస్తే, దాని వెనకున్న ఈ భీమవరం మనిషిని ఒక్కసారి తలచుకోండి.