ఎడ్కిన్స్ చూడని గెలుపు

చల్లిన గింజ మొలవకపోతే ఊరంతా తాలు విత్తనమన్నా మా నాన్న పారెయ్యడు. ఇంకో మడిలో చల్లి చూస్తాడు. జాన్ సిడ్నీ ఎడ్కిన్స్ కథ చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

1863లో పుట్టిన ఈ ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు 1886లో లాంగ్లేతో కలిసి పెప్సినోజెన్ గురించి రాశాడు. జీర్ణాశయపు పొర తయారుచేసి దాచుకునే ప్రోటీన్ అది. ఆమ్లం తగిలాకే పెప్సిన్ అవుతుంది. 1902లో బేలిస్, స్టార్లింగులు చిన్నప్రేగులో సెక్రెటిన్ కనుక్కోగానే, మరి జీర్ణాశయం సంగతేమిటన్న ప్రశ్న ఈయన్ని పట్టుకుంది. 1905లో జీర్ణాశయపు చివరిభాగపు పొర నుంచి సారం తీసి, మత్తులో ఉన్న పిల్లి రక్తనాళంలోకి ఎక్కించాడు. ఆమ్లమూ పెప్సినూ ఊరాయి! పైభాగపు పొర సారానికి ఆ గుణం లేదు. ఆ పదార్థానికి గాస్ట్రిన్ అని పేరు పెట్టాడు.

నమ్మారా? అబ్బే. అలాంటి సారాల్లో హిస్టమిన్ ఉంటుందనీ, అదీ ఆమ్లాన్ని ఊరిస్తుందనీ తేలేసరికి అసలు గాస్ట్రినే లేదన్నారు. 1938లో కొమరోవ్ హిస్టమిన్ లేని సారంతో ఆమ్లం ఊరించి చూపాడు. రెండేళ్లకే ఎడ్కిన్స్ పోయాడు. గ్రెగరీ, ట్రేసీలు లివర్‌పూల్‌లో గాస్ట్రిన్‌ను శుద్ధిగా వేరుచేసింది 1964లో. 17 అమైనో ఆమ్లాల గొలుసు అది.

అసలు విశేషం 1969లో బయటపడింది. గాస్ట్రిన్ లాంటి పెంటగాస్ట్రిన్‌ను ఎలుకలకిస్తే జీర్ణాశయపు పొరలో ప్రోటీన్ తయారీ పెరిగింది. అంటే ఆ హార్మోను ఆమ్లాన్ని ఊరించడమే గాక పొరనే పెంచుతోందన్నమాట. పెప్సినోజెన్‌తో మొదలెట్టిన మనిషికి ఈ కబురు అందలేదే అని నా బాధ.

మొన్న ప్రాక్టికల్స్‌లో నా రీడింగు ఎవరితోనూ కలవలేదు. కొట్టెయ్యబోయి ఆగి, మళ్లీ చేశాను. రెండోసారీ అదే వచ్చింది.