సూచికలో లేని పేరు - డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శి గారు కోరగానే నాకు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకు వచ్చారు. అందుకు కారణం మా మనుమరాలు. అది జీవరసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తున్నది. దసరాకు హనుమకొండ వచ్చినప్పుడు దిగులుగా కనిపించింది. ఏమైందమ్మా అని అడిగితే, తన వ్యాసాన్ని ఇంతవరకు నలుగురే ఉదహరించారనీ, ఇంటర్వ్యూలలో ఆ లెక్కే ముందు అడుగుతారనీ చెప్పింది.

ఉదహరించడం మనకు కొత్త కాదు. ఆఫీసు ఉత్తరంలో విషయము కింద సూచిక అని రాసి, ఆధారమైన జీ.వో. నంబరు, తేదీ వేసేవాళ్లం. శాస్త్రజ్ఞులూ వ్యాసం చివర అలాగే రాస్తారు. ఎవరి వ్యాసం ఎన్ని సూచికలకు ఎక్కిందో తెలిపే పెద్ద పట్టికను అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ 1964లో మొదలుపెట్టారు. అప్పటికి సుబ్బారావు గారు పోయి 16 ఏళ్లు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి రెవిన్యూ ఉద్యోగి. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జీర్ణవ్యాధితో మరణించారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. 1923లో బోస్టన్ చేరి, రాత్రిళ్లు ఆస్పత్రిలో పోర్టరు పని చేస్తూ హార్వర్డులో చదివారు. మళ్లీ స్వదేశం రాలేదు. భార్య శేషగిరి గారిని తిరిగి చూడనే లేదు.

1925లో సైరస్ ఫిస్క్ గారితో కలిసి, రక్తంలోను మూత్రంలోను భాస్వరం ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి ప్రకటించారు. దశాబ్దాల పాటు ప్రపంచమంతటా లేబొరేటరీలలో అదే వాడారు. వేలాది వ్యాసాల సూచికలలో ఫిస్క్-సుబ్బారావు పేర్లు ఎక్కాయి. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వెలికి తీశారు. జీవకణాలన్నీ శక్తిని ఖర్చు పెట్టేది ముఖ్యంగా ఈ ఏ.టి.పి. రూపంలో. ఇప్పుడది పిల్లల పాఠ్యపుస్తకాలలో ఉంది కనుక దానికి ఎవరూ సూచిక చూపరు. ఆఫీసుకు పదిన్నరకు రావాలని ఏ జీ.వో. చెప్పిందో మనం ఎప్పుడైనా రాశామా?

ఇంత చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందుగా పనికి వచ్చింది. 1947లో బోదకాలు క్రిములను చంపే హెట్రజాన్ వచ్చింది. 1948లో డగ్గర్ గారు ఆరియోమైసిన్ ప్రకటించారు. డగ్గర్ గారు పనిచేసింది సుబ్బారావు గారి విభాగంలోనే.

ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే మందులనూ ఆ బృందమే తయారు చేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి, పదిమందికి తాత్కాలికంగా నెమ్మదించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. క్యాన్సర్ వైద్యంలో అది చరిత్రాత్మక వ్యాసం. దాని రచయితల జాబితాలో సుబ్బారావు గారి పేరు లేదు. ఆ ఆగస్టులోనే ఆయన 53వ ఏట నిద్రలో కన్నుమూశారు. తన కింది వారి పేర్లు ముందు పెట్టి తాను వెనుక నిలబడే స్వభావం ఆయనది. 1995లో మన ప్రభుత్వం ఆయన శతజయంతికి తపాలా బిళ్ళ విడుదల చేసింది.

నేను ముప్పై ఏళ్లకు పైగా నోట్‌ఫైల్ రాశాను. కింద సంతకం ఎప్పుడూ పైవారిదే. ఒకప్పుడు అది మనసులో ముల్లులా ఉండేది. సుబ్బారావు గారి జీవితం చదివాక ఆ బాధ కొంత తగ్గింది.

మా మనుమరాలిని మా ఇంటి మందుల డబ్బా తెమ్మన్నాను. వాళ్ల నానమ్మ కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్, దానితోపాటు డాక్టరు రాసిన ఫోలిక్ ఆమ్లం అందులో ఉన్నాయి. రెండూ ఆయన బృందం పనే. మన తెలంగాణ పల్లెల్లో బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చిన డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే. ఆ మాత్రలు మింగిన వారెవరూ ఏ సూచికలోనూ ఆయన పేరు రాయలేదు గదా అన్నాను. అది కాసేపు ఊరుకుని, తాతయ్యా, ఇంటర్వ్యూలో ఈ డబ్బా చూపమంటావా అని నవ్వింది.

దాని ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. పండుగ మరునాడే మళ్లీ లేబొరేటరీకి వెళ్లిపోయింది. మన ఇళ్లలో ఆ మాత్రలు వేసుకునేవారు ఒక్కసారి ఆ భీమవరం బిడ్డను తలచుకుంటే చాలు.