రిచీ వాలెన్స్

రిచీ వాలెన్స్ (మే 13, 1941 - ఫిబ్రవరి 3, 1959) అమెరికాకు చెందిన గాయకుడు, గిటారు వాద్యకారుడు, గీతరచయిత. మెక్సికో జానపద బాణీని రాక్ అండ్ రోల్ సంగీతంతో మేళవించి, స్పానిష్ భాషలోని పాటను అమెరికా శ్రోతలకు చేరువ చేసిన తొలి కళాకారులలో ఇతడు ముఖ్యుడు. ఇతని వృత్తిజీవితం సుమారు ఎనిమిది నెలలు మాత్రమే సాగింది.

బాల్యము

ఇతని అసలు పేరు రిచర్డ్ స్టీవెన్ వాలెన్జుయేలా. కాలిఫోర్నియా రాష్ట్రంలో లాస్ ఏంజలెస్ నగర పరిధిలోని పకోయిమాలో, మెక్సికో మూలాలు గల కుటుంబంలో జన్మించాడు. మెక్సికో సాంప్రదాయ సంగీతమును, నల్లజాతివారి రిథమ్ అండ్ బ్లూస్ సంగీతమును వింటూ పెరిగాడు. ఎడమచేతి వాటం గలవాడైనా కుడిచేతివారి గిటారుపైనే సాధన చేశాడు. చిన్నతనములోనే తండ్రిని కోల్పోయాడు.

1957 జనవరి 31న పకోయిమా పైభాగమున రెండు విమానాలు ఢీకొని, వాటి శకలాలు ఇతడు చదివిన పాఠశాల ఆవరణలో పడ్డాయి. ముగ్గురు విద్యార్థులు మరణించారు. ఆనాడు ఇతడు తాతగారి అంత్యక్రియలకు వెళ్ళియుండుటచే అక్కడ లేడు. అప్పటినుండి విమానప్రయాణమంటే ఇతనికి భయము ఏర్పడింది.

సంగీత జీవితము

పదహారవ ఏట సిల్హౌట్స్ అనే స్థానిక బృందములో చేరాడు. 1958 మే నెలలో డెల్-ఫై అనే చిన్న స్వతంత్ర రికార్డుల సంస్థ అధిపతి బాబ్ కీన్ ఇతనితో ఒప్పందం చేసుకొన్నాడు. ఎక్కువమంది శ్రోతలను ఆకర్షించే ఉద్దేశంతో కీన్ ఇతని ఇంటిపేరును వాలెన్స్‌గా కుదించాడు. మెక్సికో మూలాన్ని తెలిపే పేరు ఆ విధంగా మరుగునపడినా, ఇతనికి శాశ్వత కీర్తి తెచ్చినది మెక్సికో పాటయే కావడం విశేషం.

ఆ పాట "లా బాంబా". ఇది వెరాక్రూజ్ ప్రాంతంలో పెళ్ళివేడుకలలో పాడుకొనే జానపద గీతం. ఇంట ఇంగ్లీషు వాడుకలో పెరిగిన వాలెన్స్‌కు స్పానిష్ అంతగా రాదు. పదాల ఉచ్చారణను నేర్చుకొని పాడాడు. 1958లో ఒకే రికార్డుకు ఒకవైపు "డోనా", రెండవవైపు "లా బాంబా" వెలువడ్డాయి. బిల్‌బోర్డ్ పట్టికలో "డోనా" 2వ స్థానమును, "లా బాంబా" 22వ స్థానమును పొందాయి.

మరణము

1959 జనవరిలో బడ్డీ హోలీ తదితరులతో కలసి అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రాలలో ప్రదర్శనలకు బయలుదేరాడు. తీవ్రమైన చలిలో బస్సుప్రయాణం దుర్భరం కాగా, ఫిబ్రవరి 2న అయోవాలోని క్లియర్ లేక్ ప్రదర్శన తరువాత హోలీ ఒక చిన్న విమానం కుదుర్చుకొన్నాడు. వాలెన్స్ తన భయాన్ని పక్కనబెట్టి, గిటారు వాద్యకారుడు టామీ ఆల్సప్‌తో నాణెం ఎగురవేసి, గెలిచి విమానంలో చోటు పొందాడు. అర్ధరాత్రి దాటాక బయలుదేరిన విమానం కొద్దిసేపటికే పొలాలలో కూలిపోయింది. వాలెన్స్, హోలీ, జె.పి.రిచర్డ్‌సన్, విమానచోదకుడు మరణించారు. అప్పటికి వాలెన్స్ వయసు 17 సంవత్సరాలు.

ప్రభావము

1987లో ఇతని జీవితకథ ఆధారంగా లూయీస్ వాల్డెజ్ దర్శకత్వంలో "లా బాంబా" చలనచిత్రం వచ్చింది. అందుకోసం లాస్ ఏంజలెస్‌కు చెందిన లాస్ లోబోస్ బృందం మళ్ళీ పాడిన అదే పాట అమెరికాలో ప్రథమ స్థానంలో నిలిచింది. 2001లో వాలెన్స్ పేరు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. లాటిన్ సంగీతమును రాక్‌తో కలిపిన తరువాతి తరాల కళాకారులకు ఇతడు మార్గదర్శకుడు.