మన కోరికా, ప్రభువు నడిపింపా? క్లౌ దొర జీవితం నేర్పే పాఠం

పెళ్ళి సంబంధం కట్నకానుకలతో సహా ఖాయం చేసుకుని, ఆ తర్వాత పాస్టరుగారి దగ్గరికి వచ్చి దేవుని చిత్తం తెలిసేలా ప్రార్థించమని అడిగేవారు ప్రతి సంఘంలోనూ ఉంటారు. ఉద్యోగం, ఇల్లు, విదేశీ ప్రయాణం, చివరికి సేవ విషయంలో కూడా మన తీరు ఇంతే. నిర్ణయం మనం చేసేస్తాం. కింద ప్రభువు సంతకం పెడితే చాలనుకుంటాం. ఆయన వేరే దారి చూపిస్తే ఏం చేస్తామన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న ఎదురైన ఒక సేవకుని జీవితాన్ని ఈ వారం ధ్యానిద్దాం. ఆయన తెలుగు సంఘ చరిత్రలో అందరికీ తెలిసిన జాన్ ఎవరెట్ క్లౌ. మన పెద్దల నోట ఆయన క్లౌ దొర.

ఆయన 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. పడమటి ప్రాంతాల్లో పెరిగి, యవ్వనంలో ప్రభుత్వ భూముల సర్వే పనిలో చేరారు. లాయరు కావాలన్నది ఆయన ఆశ. కాలేజీ రోజుల్లో ప్రభువు ఆయనను పట్టుకున్నాడు, దాంతో ఆ ఆశ పక్కకు జరిగింది. మొదటి మలుపు అక్కడే. అయితే దానికంటే కష్టమైన మలుపు ఒంగోలులో ఆయన కోసం ఎదురుచూస్తోంది.

ఆ రోజుల్లో అమెరికన్ బాప్టిస్టులకు తెలుగు మిషన్ పెద్ద భారంగా తోచింది. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో పని మొదలుపెట్టినా, ఏళ్ళు గడిచినా విశ్వాసులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మిషన్‌ను మూసేద్దామన్న మాట బోస్టన్‌లో ఒకటికి రెండుసార్లు వచ్చింది. లైమన్ జూయెట్ మాత్రం ఒప్పుకోలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద భార్యతోనూ ముగ్గురు తెలుగు విశ్వాసులతోనూ మోకరించి, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించిన వ్యక్తి ఆయనే. పదకొండేళ్ళ తర్వాత, 1865లో, క్లౌ దంపతులు జూయెట్ వెంట ఈ గడ్డ మీద అడుగుపెట్టారు. 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు.

క్లౌ మనసులో ఒక పథకం ఉంది. పట్టణంలోని పై కులాలవారు, ముఖ్యంగా బ్రాహ్మణులు ప్రభువును తెలుసుకుంటే మిగతా సమాజమంతా వారి వెంట వస్తుందని ఆయన ఆలోచన. అప్పటి మిషనరీలలో చాలామందిది అదే లెక్క. ఆయన బడిలో బ్రాహ్మణ కుటుంబాల పిల్లలు చదువుకుంటున్నారు, పెద్దలు గౌరవంగా మాట్లాడుతున్నారు. తలుపులు తెరుచుకుంటున్నట్టే ఉంది. ఇది చెడ్డ కోరిక ఏమీ కాదు. ప్రభువు కోసమే కన్న కల. అందుకే దాన్ని వదులుకోవడం అంత కష్టమైంది.

సరిగ్గా అప్పుడే మాదిగపల్లెల నుండి మనుషులు రాసాగారు. తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అప్పటికే ప్రభువును అంగీకరించి, తనవారి మధ్య సాక్ష్యం చెబుతున్నాడు. చర్మకారులు, కూలీలు, ఊరి బయట బతికేవారు బాప్తిస్మం కోరి క్లౌ ఇంటి ముందు నిలిచారు. సంగతి పట్టణంలో పాకింది. వీళ్ళను చేర్చుకుంటే తమ పిల్లలు బడికి రారని బ్రాహ్మణ పెద్దలు స్పష్టంగా చెప్పేశారు.

క్లౌ కలత చెంది తన గదిలోకి వెళ్ళారు. దగ్గరలో ఉన్న బైబిలు తెరిస్తే 1 కొరింథీయులకు మొదటి అధ్యాయం, 26వ వచనం నుండి కనిపించింది. లోకం దృష్టిలో జ్ఞానులనూ ఘనులనూ గొప్ప వంశాలవారినీ కాక, ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకున్న సంగతిని పౌలు గుర్తుచేసే భాగం అది. ఇదేమీ ఎరుగని భార్య హ్యారియెట్ కూడా తన గదిలో అదే భాగం తెరిచి చదివింది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నాక ఇక సందేహం మిగల్లేదు. పల్లెవారికి తలుపు తెరిచారు. బ్రాహ్మణ విద్యార్థులు వెళ్ళిపోయారు, బడి మూతపడింది. క్లౌ ప్రణాళిక దానితోనే ముగిసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కొత్త సంవత్సరం రాత్రి వాగ్దానపు కార్డు తీసినట్టు బైబిలు తెరిచి, కంటికి కనబడిన మాటే నడిపింపు అనుకోవడం క్షేమం కాదు. పేదలకు సువార్త అన్నది క్లౌకు తెలియని సత్యమా? కానే కాదు. బీదల బిడ్డడైన యేసును ప్రకటించడానికే ఆయన సముద్రాలు దాటి వచ్చారు. కొత్త సంగతి చెప్పడానికి కాదు, తెలిసిన సంగతిని దాటవేయకుండా ఆపడానికి ఆ రోజు వాక్యం ఆయనకు ఎదురొచ్చింది. మనకూ చాలాసార్లు కొరవడేది నడిపింపు కాదు, విధేయతే.

1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళి, చుట్టుపక్కల ఊళ్ళవారికి బోధించి, ఇరవై ఎనిమిది మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ తర్వాత పని ఊరి నుండి ఊరికి, చుట్టరికాల వెంట పాకింది.

పదేళ్ళకు మరో పరీక్ష వచ్చింది. అది 1876–78 నాటి మహా కరువు. యవ్వనంలో నేర్చిన కొలతల విద్య అప్పుడు పనికొచ్చింది. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. సంఘ బోధకులే మేస్త్రీలు. పని ఆపి సేదతీరే వేళ కూలీలు వారి దగ్గర సువార్త వినేవారు. చాలామంది బాప్తిస్మం అడిగారు. ఇవ్వలేదు. అన్నం కోసం క్రైస్తవులయ్యారన్న మాట సంఘం మీద పడకూడదని ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. మిషన్‌ను మూసేద్దామన్నవారికి చూపించడానికి అంకెలు చేతికి అందేంత దూరంలో ఉన్నాయి. అయినా ఆగారు.

1878లో సహాయ కార్యక్రమాలు ముగిశాయి, ఇవ్వడానికి డబ్బు లేదని అందరికీ తెలిసింది. అయినా జనం తగ్గలేదు. కష్టపడి కాయలు కాచిన చేతులు చూపించి, తమకు కావలసింది డబ్బు కాదన్నారు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో దిగి ఇచ్చారు. ఆ ఏడాది ముగిసేసరికి ఒంగోలు సంఘం పన్నెండు వేలు దాటింది. క్లౌ 1910లో అమెరికాలో కన్నుమూశారు.

ప్రియ చదువరులారా, విధేయత చూపితే ప్రతివారికీ 2,222 వస్తాయని చెప్పడానికి ఈ చరిత్ర రాయలేదు. బడి మూతపడిన రోజున క్లౌకు ఆ అంకె తెలియదు. తెలిసింది రెండే. గుమ్మంలో పేదలు నిలబడ్డారు, వాక్యం వారి పక్షాన మాట్లాడింది. అంతే చాలనుకున్నారు.

ఆనాడు ఆయన వదులుకున్నది పలుకుబడిని. ఈనాడు మన సంఘాల్లో ముందు వరుస కుర్చీలు ఎవరికి? పెళ్ళి సంబంధం చూసేటప్పుడు రక్షణ గురించి ముందు అడుగుతున్నామా, కులం గురించా? ఊరి చివర పేటలో ప్రార్థన పెట్టమని అడిగినవారికి వీలు చూసుకుని చెబుతామని ఎన్నిసార్లు అన్నాం? ఇవి పాస్టర్లకు, సంఘ పెద్దలకు, ఈ సంపాదకీయం రాస్తున్న నాకు కూడా తగిలే ప్రశ్నలే.

ఈ వారం ప్రభువు నడిపింపు కోసం మోకరించే ముందు, ఆయన ఇప్పటికే చెప్పి ఉన్న ఒక్క మాటను, మనం వాయిదా వేస్తూ వచ్చిన మాటను, జ్ఞాపకం చేసుకుందాం. దానికి లోబడే కృప ప్రభువు మనకు దయచేయును గాక.