ఏ స్కూలూ రానివ్వని పైలట్

పైలట్ శిక్షణకు ఏ స్కూలు మంచిదా అని మా అమ్మాయి కాగితాలు ముందేసుకుని కూర్చుంటే, నాకు బెస్సీ కోల్‌మన్ గుర్తొస్తుంది. 1892లో అమెరికాలోని టెక్సాస్‌లో పుట్టిన నల్లజాతి పిల్ల. చిన్నప్పుడు పత్తి ఏరింది, షికాగో వెళ్లాక క్షౌరశాలలో గోళ్లు తీర్చిదిద్దింది. విమానం నడపడం నేర్పమంటే అక్కడి స్కూళ్లన్నీ కాదన్నాయి. ఆడది, పైగా నల్లది! అలాగని ఊరుకుందా? ఫ్రెంచి నేర్చుకుని, ఫ్రాన్స్ వెళ్లి కాడ్రాన్ సోదరుల స్కూల్లో చేరింది. 1921 జూన్ 15న లైసెన్సు సంపాదించింది. తనలాంటి వాళ్లకోసం సొంతంగా స్కూలు పెట్టాలని విమాన విన్యాసాలు చేస్తూ తిరిగింది. ఆ కల తీరకుండానే 1926లో, 34వ ఏట, మెకానిక్ నడుపుతున్న విమానంలోంచి పడి చనిపోయింది. కంట్రోళ్లలో రెంచీ ఇరుక్కుందట, ఆమె బెల్టు పెట్టుకోలేదు.

అందుకే మా అమ్మాయికి వద్దని చెప్పలేదు. ఫీజు సంగతి తర్వాత, ముందు విమానాల మరమ్మతులు ఎవరు చూస్తారో అడగమన్నాను.